రంగూను సంఘమునకు ఉత్తరము

ద్రాక్షారామం నుంచి కాకినాడ వెళ్లే బస్సులో కండక్టరు ఎవరినో తిడుతున్నాడు.

"లోపలికి జరగవయ్యా బాబూ! లోపలంతా ఖాళీయే. ఫుట్‌బోర్డు నీ పేరున రాసిచ్చారా ఏంటి?"

బస్సులో ఎవరూ పట్టించుకోలేదు. కిటికీ పక్కన కూర్చున్న రూబీ మాత్రం తల తిప్పి, పాట వింటున్నట్టు విన్నది.

ఈ దేశం వచ్చి ఇరవై రెండు రోజులైనా ఆమెకి ఆశ్చర్యం తీరలేదు. బర్మాలో, వాళ్ల మౌల్మేనులో, తెలుగు అంటే ఇల్లు, ఆదివారం చర్చి. గుమ్మం దాటితే బర్మా మాటే. తెలుగు వచ్చినవాళ్లందరినీ పేరుపెట్టి పిలవగలిగేది. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాడు తెలుగులో కసురుతాడు. అరటిపళ్ల బండివాడు తెలుగులో అరుస్తాడు. కాలవగట్టు మీద గేదెల్ని తోలుకెళ్లే ముసలమ్మ వాటిని కూడా తెలుగులోనే దెప్పుతుంది. పోయి ఇరవయ్యేళ్లు దాటిన తాతయ్య గొంతును ఎవరో ఈ ఊళ్లన్నిటికీ తలా కాస్త పంచిపెట్టినట్టుంది.

బయట మంచు ఇంకా విడలేదు. దాళ్వా చేలు ఆకుపచ్చగా మొదలై నాలుగడుగుల్లో తెల్లగా కరిగిపోతున్నాయి. కొబ్బరిచెట్లకి మొదళ్లు లేవు, తలలే ఉన్నాయి. రూబీకి తాను మేలుకునే ఉందో లేదో ఒక్కోసారి తెలియడం లేదు.

"ఇదే కోరంగి," అన్నాడు పక్కన కూర్చున్న శ్యాంబాబు.

శ్యాంబాబు తాతా, రూబీ తాతా అన్నదమ్ములు. వరసకి అన్న. మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఈ రోజు ఆమె కోసమే సెలవు పెట్టి, ఆమె కాగితాలన్నీ ఒక ఫైల్లో కట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"కోరంగా?" రూబీ కిటికీ చువ్వ పట్టుకుని ముందుకి వంగింది.

ఒక టీ కొట్టు, సెల్‌ఫోన్ల షాపు, రోడ్డు దాటుతున్న మేకలు. బస్సు ఆగింది, ఇద్దరు దిగారు, కదిలింది. అంతే. చిన్నప్పుడు మౌల్మేను బళ్లో పిల్లలు ఆమె వెంటపడి "కోరంగీ, కోరంగీ" అని అరిచేవాళ్లు. అది బూతుమాట అనుకునేది. ఇంటికొచ్చి తాతయ్యని అడిగితే ఆయన నవ్వి, "అది మనం ఓడెక్కి వచ్చిన రేవు పేరే పిచ్చిదానా" అనేవాడు. ఆమె నమ్మేది కాదు.

"ఊరు బాగుంది అన్నయ్యా," అంది.

శ్యాంబాబు వింతగా చూశాడు. కోరంగి బాగుందన్నవాళ్లని అతను ఇంతవరకు చూడలేదు.

కాకినాడలో విదేశీయుల నమోదు ఆఫీసులో గంటన్నర కూర్చున్నాక పిలిచారు. ఆఫీసరు పెద్దాయన, చేతుల్లేని స్వెట్టరు వేసుకున్నాడు. పాస్‌పోర్టులు మూడూ తిరగేశాడు. రూబీది, కూతురు దీవెనది, కొడుకు సాల్మన్‌ది. వాటిలో ఉన్నవి బర్మా పేర్లు. రూబీ పేరు చోట పడమ్యా అని ఉంది. కెంపు అనే దానికి అక్కడి మాట.

"ఇంటిపేరు లేదేంటమ్మా?"

"అక్కడ ఇంటిపేర్లు ఉండవండి. ఒక్కటే పేరు."

"విజిటర్ వీసా. ముప్పై రోజులు. ఇంకా ఎనిమిది రోజులుంది. ఏం కావాలి మీకు?"

రూబీ ఈ మాట బస్సులో పదిసార్లు కూడబలుక్కుంది. "ఉండిపోవాలండి. పిల్లలు చదువుకోవాలి. అక్కడ ఏడాదిన్నర నుంచి బడి సరిగ్గా లేదు. మా పెద్దదానికి పద్నాలుగు. పద్దెనిమిది దాటిన పిల్లల పేర్లు రాసుకుపోతున్నారండి, పటాలంలోకి. ఆడపిల్లలవి కూడాను."

పటాలం అన్న మాటకి ఆఫీసరు తలెత్తాడు. ఆ మాట ఆయన వాళ్ల నాయనమ్మ నోట విన్నాడేమో, గొంతు మెత్తబడింది.

"చూడమ్మా. విజిటర్ వీసా పొడిగించడం కుదరదు. ఇంకో వీసాలోకి మార్చడమూ కుదరదు. మీ తాతగారు ఎక్కడ పుట్టారు?"

"ఇక్కడేనండి. అన్నయ్యావాళ్ల ఊళ్లోనే." రూబీ తాతయ్య పాత రిజిస్ట్రేషన్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. మూలలు అరిగిపోయి గుడ్డపీలికలా ఉంది. గోదావరి జిల్లా, ఇండియా అని ఉంది అందులో.

"ఇది అక్కడివాళ్లు ఇచ్చింది. ఇక్కడిది ఒకటి కావాలి. ఉంటే మీకో మంచి దారుంది. ఓసీఐ కార్డంటారు. తాత ఇక్కడివాడైతే మనవరాలికీ ఇస్తారు, మునిమనవలకీ ఇస్తారు. అది వచ్చాక బతికినంతకాలం ఉండండి, పిల్లల్ని ఏ బళ్లో అయినా వేసుకోండి. కాకపోతే విజిటర్‌గా ఉండి ఇక్కడ అప్లై చెయ్యడానికి లేదు. వెనక్కి వెళ్లి, రంగూన్‌లో మన ఎంబసీలో వెయ్యాలి." ఆయన ఆమె మెడలో సన్నటి శిలువ వైపు చూశాడు. "క్రిస్టియన్స్ కదా. చర్చిలో పాత రిజిస్టర్లు ఉంటాయి. తాతగారి బాప్తిస్మం వివరం, సంఘం కాగితం మీద రాయించి ముద్ర వేయించుకోండి. పనికొస్తుంది." అప్పుడు శ్యాంబాబు వైపు తిరిగాడు. "మీరు ఈవిడకి ఏమవుతారు?"

శ్యాంబాబు ఫైలు మూశాడు. తాడు రెండుచుట్లు చుట్టి ముడి వేశాడు.

"తెలిసినవాళ్లమండి," అన్నాడు.

తిరుగుబస్సులో రూబీ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఎండ వచ్చింది. చెట్లకి మళ్లీ మొదళ్లు వచ్చాయి.

ఊళ్లో దిగి పేట వైపు నడుస్తున్నప్పుడు, కాలవ వంతెన మీద శ్యాంబాబు ఆగిపోయాడు. ఫైలు చంకలోంచి తీసి పిట్టగోడ మీద పెట్టాడు.

"కోపం వచ్చిందా చెల్లెమ్మా?"

"కోపం కాదు. అన్నయ్యవి కదా, అలా ఎందుకన్నావా అని."

"మా అమ్మాయి ఆశాజ్యోతికి టీచరు పోస్టు వచ్చింది తెలుసుగా. వచ్చే బుధవారం సర్టిఫికెట్లు చూస్తారు. అది ఎస్సీ కోటాలో వచ్చింది. నా ఉద్యోగమూ అంతే." అతను కాలవలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు. "ఎస్సీ అంటే కాయితం మీద హిందువులం అయ్యుండాలి. ఆదివారం చర్చిలో పాడతాం, సోమవారం ఆఫీసులో హిందువులం. నాన్న అలాగే బతికాడు, నేనూ అంతే. అబద్ధమే, కాదన్ను. కానీ దేవుణ్ణి మార్చుకున్నామని మా పేట మారిందా? టీ కొట్లో మా గ్లాసు మారడానికి మా నాన్న జీవితం పట్టింది. మారనివి ఏవీ మారలేదు గానీ, కాయితం మటుకు మారిపోవాలంట."

ఫైలు జారిపోకుండా రూబీ దాని మీద చెయ్యి ఆనించింది.

"మా ఇంటిపేరుతో, మా తాత అన్నగారు బాప్తిస్మం పొందాడని, సంఘం ముద్రతో కాయితం గవర్నమెంటు ఫైల్లో పడితే? ఆశ వెనక మార్కులొచ్చినవాళ్లు ఎక్కడ ఏం దొరుకుతుందా అని చూస్తుంటారు." అతను గొంతు తగ్గించాడు. "నా మాట విను. అసలు వెళ్లడం దేనికి? ఉండిపోండి. ఎవరడుగుతారు? మొహాలు మనవే, మాట మనదే. రెండేళ్లు పోతే ఎవరో ఒకర్ని పట్టుకుని ఆధార్ చేయించుకోవచ్చు. నేను చూసుకుంటాను."

అతను ప్రేమగానే అన్నాడు. అందుకే రూబీకి వెంటనే కాదనబుద్ధి కాలేదు. రేవులో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. దెబ్బ ముందు కనిపించి, చప్పుడు తరవాత వినిపిస్తోంది. ఉండిపోవడం. ఎంత సులువుగా ఉంది ఆ మాట! ఇలాగే ఈ గట్టు మీద నడుచుకుంటూ వెళ్లి, ఈ పేటలో ఒక గుమ్మంలో కుట్టుమిషను వేసుకుని, జాకెట్లు కుట్టుకుంటూ, ముసలిదై, ఈ కాలవ పక్కనే ఎక్కడో మట్టిలో కలిసిపోవడం. తాతయ్య జీవితమంతా కల కన్నది అదే.

"చూద్దాం అన్నయ్యా," అంది.

శుక్రవారం పొద్దున్న రూబీ వరండాలో వదినగారి మిషను ముందు కూర్చుంది. మౌల్మేనులో ఆమెది కుట్టుపనే. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ మాణిక్యాంబ గారు మిగిలిన యూనిఫాం గుడ్డ ఇచ్చారు. సాల్మన్ చొక్కా మొన్ననే అయిపోయింది. ఈ రోజు దీవెన చుడీదారు కుట్టాలి. గుడ్డని మోకాలి మీద పరిచి, గోరుతో మడత గీసి, మడత మీద సూది దించింది. పిల్ల ఎదుగుతోందని అంచు లోపల నాలుగువేళ్ల గుడ్డ వదిలింది. వదులుతూ, ఆ గుడ్డ ఎప్పుడు విప్పుతానో, ఏ ఊళ్లో విప్పుతానో అనుకుంది.

పిల్లలిద్దరూ పదిహేను రోజులుగా బడికి వెళ్తున్నారు. "వినడానికి కూర్చోనిస్తానమ్మా. పేరు మటుకు ఎక్కించలేను. ఫోన్లో యాప్ ఒప్పుకోదు," అన్నారు మాణిక్యాంబ గారు మొదటిరోజే. దీవెన తొమ్మిదో తరగతిలో వెనక బెంచీలో కూర్చుంటుంది. మొదటిరోజు బర్మా అలవాటు ప్రకారం బుగ్గలకి తనకా చెక్క గంధం రాసుకుని వెళితే పిల్లలు నవ్వారు. మర్నాటి నుంచి రాసుకోవడం మానేసింది. ఎందుకు మానేశావని రూబీ అడగలేదు. దీవెనకి తెలుగు మాట వచ్చు, అక్షరాలు రావు. రూబీకీ రావు. కానీ పిల్ల తమ్ముడి వాచకం తీసుకుని, దారిలో కనిపించిన బోర్డల్లా కూడబలుక్కుంటూ, మూడు వారాల్లో చదవడం పట్టేసింది. ఎరువుల కొట్టు పేరు, సిమెంటు గోడ మీద ప్రకటన, బస్సు వెనక రాసిన వాక్యం, అన్నీ పైకి చదువుతుంది.

మధ్యాహ్న భోజనం లెక్కలో తన పిల్లలు లేరు కనక రూబీ రోజూ క్యారేజీ పట్టుకెళ్తుంది. ఆ రోజు కాస్త ముందే వెళ్లింది. బెల్లు కొట్టలేదు. తొమ్మిదో తరగతి కిటికీ పక్కన, వేపచెట్టు నీడలో నిలబడింది.

లోపల లెక్కల మాస్టారు సత్యప్రసాద్ గారు స్లిప్‌టెస్టు కాగితాలు ఇస్తున్నారు. హాజరుపట్టీ వరసలో పేరు పిలిచి, మార్కులు చదివి, కాగితం చేతికిస్తున్నారు. పద్నాలుగు. పదకొండు. పద్దెనిమిది. పద్దెనిమిది వచ్చినవాడికి చప్పట్లు కొట్టించారు. దీవెన ప్రతి పేరుకీ కాస్త లేచి మళ్లీ కూర్చుంటోంది. తన పేరు ఏ వరసలో వస్తుందో ఆమెకి తెలియదు కదా.

పేర్లు అయిపోయాయి. మాస్టారి చేతిలో ఒక్క కాగితం మిగిలింది. ఆయన దాన్ని రెండుసార్లు చూసుకున్నారు. నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, వెనక బెంచీ దాకా నడిచి వెళ్లి బల్ల మీద పెట్టారు.

"బాగా చేశావమ్మా. నీ పేరు పట్టీలో లేదు, అందుకని చదవలేదు. ఏమనుకోకు."

పిల్ల లేచి నిలబడి, "పర్వాలేదండి" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి పెన్సిళ్ల డబ్బా కింద పెట్టింది. ఆ మడత పెట్టే పద్ధతి రూబీకి తెలుసు. తొందర లేకుండా, అంచుకి అంచు కలిపి, గోరుతో గీసి. తన గుర్తింపు కార్డు రంగు వేరని, పూర్తి పౌరురాలు కాదని మౌల్మేను కాలేజీలో తిప్పి పంపించిన రోజు తనూ ఆ అప్లికేషన్ని అలాగే మడిచింది.

అన్నం తింటున్నప్పుడు "ఎన్ని వచ్చాయి?" అని అడిగింది.

"ఇరవై," అంది దీవెన. తరవాత, "ఇరవైకి," అంది. తరవాత సాల్మన్ కంచంలో బెండకాయ ముక్కలు ఏరి వేస్తూ కూర్చుంది.

శనివారం పొద్దున్న శ్యాంబాబు తండ్రి ముసలయ్య పెరట్లో కొబ్బరాకు ఈనెలు చీరుతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. సంఘ పెద్ద. చర్చి పెట్టె తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఆకు ఎడమచేత్తో పట్టుకుని, కత్తి ఈనె పక్కన ఆనించి ఒక్క లాగు లాగితే ఆకు ఒక పక్కకి, ఈనె ఒక పక్కకి పడుతున్నాయి. రూబీ పక్కన కూర్చుని ఈనెలు కట్ట కట్టసాగింది.

"పెదనాన్నా, నేను గురువారం పొగబండికి వెళ్లిపోతాను."

కత్తి ఆగలేదు. "శ్యాంబాబు ఉండమన్నాడంట?"

"అన్నాడు. ఉండచ్చు. కానీ ఇక్కడ కూడా నా పిల్ల వెనక బెంచీలోనే కూర్చోవాలి. పట్టీలో పేరు లేకుండా. నేను అక్కడ అలాగే బతికాను. వెళ్లి, సరైన దారిలోనే వస్తాను. ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు." ఆగి, ఊపిరి తీసుకుంది. "తాతయ్య రాత చర్చి పుస్తకంలో ఉందా?"

ముసలయ్య ఈనెని వెలుగులోకి ఎత్తి చూశాడు, అందులో ఏదో పోల్చుకుంటున్నట్టు.

"చెదలు తినేసిందమ్మా," అన్నాడు. "ఎనభై ఆరు వరదకి తడిసింది, తరవాత చెదలు పట్టింది."

ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు. తరవాత ఆకుకి కత్తి పక్కకి పోయి ఈనె రెండుగా తెగింది. ఆయన ఆ తెగిన ముక్కల్ని కూడా కట్టలోనే పెట్టాడు.

"సరే పెదనాన్నా," అంది రూబీ. అబద్ధమని తెలిసింది. ఆ అబద్ధం ఎందుకో కూడా తెలిసింది. వంటింట్లో ఆశాజ్యోతి బుధవారానికి కట్టుకోవలసిన చీర ఇస్త్రీ చేస్తోంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఉద్యోగం వచ్చినప్పటినుంచి ఇంట్లో అందరూ ఆమెతో కాస్త నెమ్మదిగా మాట్లాడుతున్నారు.

మధ్యాహ్నం మౌల్మేను నుంచి భర్త కిరణ్ కుమార్ ఫోన్ చేశాడు. అక్కడి ధాన్యం మిల్లులో పని. కరెంటు ఉన్నప్పుడే ఫోను కలుస్తుంది. "కాయితం దొరికిందా?" అన్నాడు. "ఇంకా లేదు," అంది. "దొరక్కపోయినా వచ్చెయ్. తాతయ్య కార్డు ఒక్కటే పెట్టి వేద్దాం," అన్నాడు. ఆ ఒక్క కార్డుతో పని కాదని ఇద్దరికీ తెలుసు. మాట సగంలో ఉండగా ఫోను ఆగిపోయింది. రూబీ చాలాసేపు ఫోన్ని చెవి దగ్గరే ఉంచుకుంది. అందులోంచి శంఖాన్ని చెవికి ఆనించినట్టు ఒక హోరు వినిపిస్తోంది, లేదా అది కొబ్బరాకుల గాలి.

ఆదివారం ఆరాధన అయిపోయి, జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆడవాళ్లు చాపలు చుడుతున్నారు. మూడు ఊళ్ల సంఘాలు చూసుకునే పాస్టరు గారు గుమ్మం దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"రూబమ్మా, ఆగు," అన్నాడు ముసలయ్య.

మొలతాడుకి కట్టిన తాళంచెవి విప్పుకుంటూ వేదిక వెనక గదిలోకి వెళ్లాడు. ట్రంకుపెట్టె గచ్చు మీద ఈడ్చిన చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు రెండు చేతుల మీద, పసిపిల్లని ఎత్తుకున్నట్టు, తెల్లగుడ్డ చుట్టిన ఒక పుస్తకం ఉంది. బెంచీ మీద పెట్టి గుడ్డ విప్పాడు. ఎండిన వేపాకులు రాలాయి.

"నిన్న చెదలు తిందన్నాను," అన్నాడు. "రాత్రి ప్రార్థనకి మోకరిస్తే మాట రాలేదు. ఒక్క ముక్క రాలేదు." బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. "నాకు చూపు ఆనదు. చదవండర్రా ఎవరన్నా."

రూబీ కూతురి వైపు చూసింది. దీవెన చేతులు చున్నీకి తుడుచుకుని పుస్తకం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆకులు పసుపుపచ్చగా, అప్పడాల్లా పెళుసుగా ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండు వేళ్లతో ఎత్తి తిప్పింది. పాత చేతిరాత, పొడుగు దీర్ఘాలు, ఎక్కడా ఖాళీ లేకుండా. పేజీల మీది సంవత్సరాలు చదువుతూ పిల్ల పెదవులు కదిలాయి. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై నాలుగు.

"ఈ... త... కోట. ఈతకోట చిట్టియ్య." ఆమె వేలు వరస వెంట జరిగింది. "తండ్రి దావీదు. ఈడు పదహారు. పుట్టిన ఊరు... ఇదే. పని, పాలేరు. పెద్దకాలవలో బాప్తి... బాప్తిస్మము పొందెను." ఆ పక్కన వేరే సిరాతో ఇంకో వాక్యం ఉంది. దీవెన ముక్కు పుస్తకానికి ఆనేంత వంగింది. "వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్పై ఏడులో రంగూను సంఘమునకు ఉత్తరము ఇయ్యబడెను."

"అంటే?" అంది రూబీ.

"మన సంఘంవాడే వస్తున్నాడు, చేర్చుకోండి అని అక్కడి సంఘానికి ఉత్తరం రాసి పంపేవారమ్మా," అన్నాడు ముసలయ్య. "ఉత్తి చేతులతో పంపేవారు కాదు ఎవర్నీ."

రూబీకి చర్చి నేల కదిలినట్టయింది. పదహారేళ్ల పాలేరు కుర్రాడొకడు కాలవ నీళ్లలో నడుము లోతున నిలబడి ఉన్నాడు. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. గట్టు మీద జనం పాడుతున్నారు. వాడికి తన మొహం ఉంది, సాల్మన్ చెవులు ఉన్నాయి. నీళ్లలోంచి లేచి, తుడుచుకోకుండానే, అలా నడిచి నడిచి సముద్రం దాటి వెళ్లిపోయాడు.

"దాని కింద ఇంకోటి ఉందమ్మా," అంటోంది దీవెన. "ఈతకోట యోబు. తండ్రి దావీదు. ఈడు పదమూడు..."

"మా నాన్న," అన్నాడు ముసలయ్య.

రూబీ కలలోంచి తేరుకున్నట్టు చూసింది. ఒకే పేజీ, ఒకే రోజు, ఒకదాని కింద ఒకటి. చాపలు చుడుతున్న ఆడవాళ్లు వెళ్లిపోయారు. గుమ్మంలో శ్యాంబాబు నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో. వేదిక పక్కన, సండే స్కూలు పిల్లల పుస్తకాలు సర్దుతున్న ఆశాజ్యోతి కూడా పని ఆపింది.

రూబీ అరచెయ్యి చాచి రెండో వరస మీద పెట్టింది. కాగితానికి ఆనీ ఆననట్టు, అది కనపడకుండా.

"పై వరస ఒక్కటే రాసివ్వండి పెదనాన్నా. ఇంటిపేరు కూడా వద్దు. ఉత్తి చిట్టియ్య అని రాయండి. మా కాయితాల్లో ఎలాగూ ఇంటిపేరు లేదు. అలా ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

"ఇంటిపేరు లేకపోతే నీకు పనవుతుందా?" అన్నాడు ముసలయ్య.

"అవ్వచ్చు. తాతయ్య కార్డు ఉంది కదా."

ముసలయ్య చెయ్యి జేబులో పెన్ను కోసం వెతికి, అక్కడే ఉండిపోయింది. ఆయన కొడుకు వైపు చూడలేకపోతున్నాడు, మనవరాలి వైపు అసలే చూడలేకపోతున్నాడు.

ఆశాజ్యోతి వచ్చి బెంచీ ఇవతల కూర్చుంది. సంఘం కాగితం ఒకటి అట్ట మీద పెట్టుకుంది. "నా రాత బాగుంటుంది తాతయ్యా. నేను రాస్తాను. మీరు, పాస్టరు గారు సంతకాలు పెట్టండి," అంది. పుస్తకం తన వైపు తిప్పుకుని, రూబీ చేతిని మెల్లగా ఎత్తి పక్కన పెట్టింది. తేదీ వేసింది. ఊరు పేరు రాసింది. తరవాత ఎవరినీ అడగకుండా, బ్లాకుబోర్డు మీద రాసే గుండ్రటి పెద్ద అక్షరాలతో, ఈతకోట చిట్టియ్య అని రాసింది.

"ఆశా!" అన్నాడు శ్యాంబాబు గుమ్మంలోంచి.

"పేరు సగం రాస్తే అది ఆయన పేరు కాదు నాన్నా." ఆమె తలెత్తలేదు. "రేపు నా బళ్లో పిల్లల పేర్లు నేనే కదా రాయాలి పట్టీలో. మొదటి పేరే తప్పు రాయమంటావా?"

పెన్ను కాగితం మీద గీసుకుంటూ పోయింది. ఈడు పదహారు. పాలేరు. పెద్దకాలవలో. రంగూను సంఘమునకు. పాస్టరు గారు వచ్చి, కళ్లజోడు పెట్టుకుని చదివి, సంతకం చేశారు. ముసలయ్య తన పేరు గీశాడు.

"ముద్ర," అన్నారు పాస్టరు గారు. పెట్టెలోంచి తీసిన స్టాంపుప్యాడు ఎండి రాయిలా ఉంది. వేలితో నొక్కినా రంగు అంటలేదు. వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

శ్యాంబాబు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా ప్యాడు తీసుకున్నాడు. బల్ల మీదున్న నీళ్లసీసా వంచి, మూతలోకి కొద్దిగా పోసుకుని, వేలికొనతో ఒక్కో చుక్కా ప్యాడు మీద వేశాడు. ఆఫీసులో రోజూ చేసే పనే. ఊదారంగు మెల్లగా పైకి తేలింది. ముద్ర దాని మీద రెండుసార్లు అద్ది, పక్క కాగితం మీద ఒకసారి కొట్టి చూసుకుని, అప్పుడు సంతకాల కింద తిన్నగా ఆనించి, అరచేత్తో బరువంతా వేసి నొక్కాడు.

బుధవారం ఆశాజ్యోతి కాకినాడ వెళ్లి మూడింటికల్లా తిరిగొచ్చింది. "రెండు నిమిషాలు. కాయితాలు తిప్పి సంతకం పెట్టమన్నారు," అంది. ఆర్డరు వచ్చే నెల. శ్యాంబాబు సరేనని తలూపాడు. అతని భయం పోయిందో, పోలేదో మొహంలో తెలియలేదు. ఆదివారం నుంచి అతను రూబీతో మాట్లాడలేదు.

గురువారం సామర్లకోట స్టేషనుకి మాత్రం అతనే తీసుకొచ్చాడు. ఆటోలో ముందు కూర్చున్నాడు. కలకత్తా వెళ్లే బండి అరగంట ఆలస్యం. దీవెన ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి బోర్డులన్నీ చదివి వచ్చింది. సాల్మన్ కొత్త యూనిఫాం చొక్కా విప్పనని మొండికేసి, దాని మీదే స్వెట్టరు వేసుకున్నాడు. మంచులోంచి బండి చప్పుడు లేకుండా వచ్చి నిలబడింది. తామెక్కడం లేదనీ, ప్లాట్‌ఫారమే నెమ్మదిగా వెనక్కి జరిగి తమని ఎక్కించుకుంటోందనీ అనిపించింది రూబీకి.

శ్యాంబాబు వాళ్లకంటే ముందే ఎక్కాడు. సీటు కింద పెట్టెలు తోసి, తను కొని తెచ్చిన గొలుసు రెండు పిడుల్లోంచీ దూర్చి తాళం వేసి, లాగి చూశాడు. తాళంచెవి రూబీకి ఇచ్చాడు. సాల్మన్ తల నిమిరాడు. దిగబోతూ తలుపు దగ్గర ఆగి, మొహం పక్కకి తిప్పుకునే అన్నాడు.

"చెల్లెమ్మా. వేసవి సెలవలయ్యాక బళ్లు జూన్ పన్నెండుకి తెరుస్తారు. అప్పటికి కాకపోతే దసరాలోపు ఎప్పుడొచ్చినా మాణిక్యాంబ గారు చేర్చుకుంటానన్నారు. నేను అడిగాను."

రూబీ ఏదో అనబోయింది. బండి కదిలింది.

"పిల్లలు నీకేమవుతారని ఆవిడ అడిగితే," శ్యాంబాబు ప్లాట్‌ఫారం మీద దిగి కిటికీ పక్కనే నడుస్తూ అన్నాడు, "మా చెల్లెలి పిల్లలని చెప్పాను."